జెయింట్ వీల్ కింద నిలబడేది మనం, దాని డ్రాయింగు గీసేది ఎవరు?

ఈసారి పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. స్కాలర్‌షిప్ గురించి కాదు, కులం సర్టిఫికెట్ గురించి కాదు. జాతరలో తిరిగే రైడ్ల గురించి, పెద్ద పార్కుల్లో ఉండే రోలర్ కోస్టర్ల గురించి, వాటిని తయారుచేసే కంపెనీల గురించి. మనకెందుకు ఈ గోల అనుకోవద్దు. మన కుర్రాళ్లు ఎంతమంది ఎగ్జిబిషన్ పనికి పోతా ఉన్నారో మీకు తెలుసు. కాబట్టి ఇది మన విషయమే.

నాది తడ మండలం, పులికాట్ ఒడ్డున ఒక యానాది కాలనీ. మా నాయన రొయ్యలు, పీతలు పడతాడు. మా ఇంట్లో కాలేజీ మెట్టెక్కింది నేనే మొదలు. ఇప్పుడు హాస్టల్లో ఉండి మెకానికల్ బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నా. మా పెద్దనాన్న కొడుకు ఒకడు ఉన్నాడు, నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. ఏడో తరగతితో చదువు ఆపేసి ఎగ్జిబిషన్ బ్యాచ్‌తో వెళ్లిపోయాడు. సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు, తిరుపతి, అటు తమిళనాడు ఊళ్లు. జెయింట్ వీల్ బిగించడం, తిప్పడం, విప్పడం, లారీకి ఎత్తడం. పదేళ్లకు పైగా అదే పని.

పోయిన సంవత్సరం సెలవుల్లో అన్న నన్ను ఒక మాట అడిగాడు. "ఒరే, నువ్వు మెకానికల్ కదా. బ్రేక్ డాన్స్ రైడుకి ఆ పేరు ఎవరు పెట్టినారు? కొలంబస్ అంటే పడవ కాబట్టి సరే. ఈ డాన్స్ ఏంది?" నాకు తెలియదు. హాస్టల్‌కి వచ్చాక వెతికా. జర్మనీలో బ్రెమెన్ అనే ఊర్లో హుస్ అనే కంపెనీ ఉంది. వాళ్లు 1985లో ఒక రైడు తెచ్చారు. పెద్ద పళ్లెం ఒకవైపు తిరుగుతుంది, దాని మీద చిన్న చక్రాలు ఇంకోవైపు, వాటి మీద సీట్లు వాటంతట అవి తిరుగుతాయి. అప్పట్లో బ్రేక్ డాన్స్ ఊపు కదా, ఆ పేరే పెట్టారు. నలభై ఏళ్లలో ఆ పేరు బ్రెమెన్ నుంచి మన జాతరకి వచ్చేసింది. కంపెనీ పేరు మాత్రం రాలేదు. మన దగ్గర తిరిగేవి ఎక్కువగా ఇక్కడి వర్క్‌షాపుల్లో చూసి చేసుకున్నవి.

ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని లాగితే పెద్ద తీగే వచ్చింది. అందులో నాకు బాగా తగిలింది ఏందంటే, ఈ యంత్రాలు ఆకాశం నుంచి దిగిన శాస్త్రవేత్తలు చేసినవి కావు. బొగ్గు గనుల వాళ్లు, సాక్స్ అల్లేవాళ్లు, వ్యవసాయ పనిముట్లు చేసేవాళ్లు, చిన్న మెషిన్ షాపు పెట్టుకున్నవాళ్లు, జాతరలకి బండ్లు కట్టిచ్చేవాళ్లు. ఒక్కొక్కటి చెప్తాను.

మొదలు రష్యాలో. సెయింట్ పీటర్స్‌బర్గ్ వైపు చలికాలంలో చెక్కతో ఎత్తైన వాలు కట్టి, నీళ్లు పోసి గడ్డకట్టించి, దాని మీద జారేవాళ్లు. 70, 80 అడుగుల ఎత్తు ఉండేవంట. తర్వాత 1817లో పారిస్‌లో మంచు లేకుండా చక్రాల బండ్లతో కట్టారు. చక్రాలు పట్టా నుంచి బయటికి రాకుండా గాడిలో ఇరికించారు. ఇప్పటికీ ఫ్రెంచి, స్పానిష్ వాళ్లు రోలర్ కోస్టర్‌ని "రష్యా కొండలు" అనే అంటారు. రష్యా వాళ్లేమో "అమెరికా కొండలు" అంటారు. అంటే ఎవరికి వాళ్లు ఇది పక్కవాడిదే అనుకుంటున్నారు.

అమెరికా కథ బొగ్గుతో మొదలవుతుంది. పెన్సిల్వేనియాలో మాచ్ చంక్ అనే ఊరు. కొండ మీద బొగ్గు గని, కింద కాలువ. 1827లో కొండ మీదనుంచి కాలువ దాకా పట్టాలు వేశారు. బొగ్గు బండ్లు ఇంజను లేకుండా వాటి బరువుకి అవే దిగేవి. ఖాళీ బండ్లని పైకి లాగడానికి కంచర గాడిదలు. ఆ గాడిదల్ని కూడా ఒక బండిలో ఎక్కించి కిందకి తెచ్చేవాళ్లు. కొన్నాళ్లకి ఆ గాడిదలు నడిచి దిగమంటే మొండికేసేవని చెప్పుకుంటారు. తర్వాత బొగ్గుకి వేరే దారి వచ్చింది. అప్పుడు ఆ పట్టాల మీద డబ్బులు తీసుకుని జనాన్ని తిప్పడం మొదలుపెట్టారు. పని కోసం వేసిన పట్టా, సరదా కోసం మారిపోయింది.

దాన్ని చూసినవాళ్లలో లామార్కస్ థాంప్సన్ ఒకడు. ఆయన ముందు మేజోళ్లు, సాక్సులు అల్లే వ్యాపారం చేసినవాడు. 1884లో న్యూయార్క్ దగ్గర కోనీ ఐలాండ్‌లో 600 అడుగుల పొడవు పట్టా వేశాడు. వేగం గంటకి 6 మైళ్లు, అంటే మన సైకిల్ కంటే తక్కువ. టికెట్టు 5 సెంట్లు. జనం మెట్లెక్కి పైకి పోయి బండిలో కూర్చోవాలి. ఆ చివర దిగితే పనివాళ్లు బండిని పక్క పట్టాకి మార్చేవాళ్లు, మళ్లీ కూర్చుని వెనక్కి రావాలి. ఇంతే. దీనికే జనం విరగబడ్డారు.

ఇప్పుడు నా వయసు వాడి గురించి చెప్తాను. జాన్ మిల్లర్. 19 ఏళ్లకే థాంప్సన్ దగ్గర పనికి చేరాడు. తర్వాత వంద దాకా పేటెంట్లు తీసుకున్నాడు. రోలర్ కోస్టర్ పైకి ఎక్కేటప్పుడు "టక్ టక్ టక్" అని శబ్దం వస్తుంది చూడండి, వీడియోల్లో అయినా వినే ఉంటారు. అది భయపెట్టడానికి పెట్టింది కాదు. బండి కింద ఒక ఇనుప నాలుక ఉంటుంది. అది పళ్ల పట్టీ మీద ఒక్కో పన్ను దాటుతా పోతుంది. చైను తెగినా ఆ నాలుక పంటికి తట్టుకుని బండిని వెనక్కి జారనివ్వదు. ఇది మిల్లర్ 1910లో పేటెంట్ చేసిన పని. ఇంకోటి, 1919లో పట్టా కింద కూడా ఒక చక్రం పెట్టాడు. పైన చక్రం, పక్కన చక్రం, కింద చక్రం. మూడు వైపులా పట్టుకుంటే బండి పట్టా వదిలి ఎగరదు. ఇప్పుడు ప్రపంచంలో ఏ పెద్ద కోస్టర్ చూసినా ఆ కింది చక్రం ఉంటుంది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. కోస్టర్లు అంత ఎత్తు, అంత వేగం పోవడానికి కారణం ధైర్యం కాదు, ఈ కింది చక్రం. ముందు మనిషి పడిపోకుండా చూసుకున్నారు, ఆ తర్వాతే ఎత్తు పెంచారు. వరస తప్పినచోట ఏమైందో కూడా ఉంది.

1895లో కోనీ ఐలాండ్‌లోనే ఫ్లిప్ ఫ్లాప్ అని ఒకటి కట్టారు. బండి పూర్తిగా తలకిందులై తిరిగి వస్తుంది. లూపు అచ్చం గాజులాగా గుండ్రంగా ఉండేది. ఎక్కినవాళ్ల మెడలు పట్టేసేవి. ఎందుకో మనకి ఇంటర్ ఫిజిక్స్‌లోనే ఉంది. తాడుకి రాయి కట్టి నిలువుగా తిప్పే లెక్క గుర్తుందా? పైన తాడు వదులు కాకుండా సరిగ్గా సరిపోయే వేగంతో తిప్పితే, కింద తాడు మీద పడే లాగుడు రాయి బరువుకి 6 రెట్లు. అదే లెక్క మనిషికి వేయండి. 50 కిలోల మనిషి ఆ కింది మలుపులో 300 కిలోల బరువు మోసినట్టు. అదీ క్షణంలో ఒక్కసారిగా మీద పడుతుంది. మేం ఆ లెక్క పరీక్ష కోసం బట్టీ పట్టాం. అది మనుషుల మెడల లెక్క అని అప్పుడు ఎవరూ చెప్పలేదు.

దీనికి సరైన పరిష్కారం స్థిరపడడానికి ఎనభై ఏళ్లు పట్టింది. వెర్నర్ స్టెంగెల్ అనే జర్మన్ ఇంజనీరు లూపుని గుండ్రంగా కాకుండా తలకిందులు చేసిన నీటిబొట్టు ఆకారంలో గీశాడు. కింద వంపు విశాలంగా ఉంటుంది, పైకి పోయేకొద్దీ బిగుసుకుంటుంది. కింద వేగం ఎక్కువ కాబట్టి వంపు పెద్దది, పైన వేగం తగ్గుతుంది కాబట్టి వంపు చిన్నది. ఒత్తిడి ఒక్కసారిగా కాకుండా మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది. 1976లో కాలిఫోర్నియాలో మ్యాజిక్ మౌంటెన్ పార్కులో రివల్యూషన్ అనే కోస్టర్‌కి ఇలా కట్టారు. ఈ వంపుని క్లోథాయిడ్ అంటారు. సివిల్ చదివే తమ్ముళ్లకి ఇది తెలిసే ఉంటుంది. మన తడ మీదుగా పోయే చెన్నై, గూడూరు రైలు పట్టా చూడండి. తిన్నగా వచ్చి ఠక్కున మలుపు తిరగదు. తిన్నదనానికి, మలుపుకి మధ్య మెల్లగా వంగే ముక్క ఒకటి ఉంటుంది. అందుకే సూళ్లూరుపేట లోకల్‌లో తలుపు దగ్గర నిలబడినా మలుపులో విసిరేసినట్టు ఉండదు. ఆలోచన అదే, అక్కడ పడుకోబెట్టారు, ఇక్కడ నిలబెట్టారు.

ఆ రివల్యూషన్‌ని కట్టింది ఆంటన్ ష్వార్జ్‌కాఫ్. జర్మనీలో పల్లెటూరి వాడు. వాళ్ల ఇంటి పని బండ్లు కట్టడం. జాతరల్లో ఊరూరా తిరిగేవాళ్లకి బండ్లు కట్టిస్తా కట్టిస్తా రైడ్ల తయారీకి వచ్చాడు. అంటే మా అన్న లారీకి ఎత్తే సామాను లాంటిదే ఆయన మొదటి పని.

మిగతా కంపెనీలు కూడా ఇట్లాంటివే. అమెరికాలో యారో అనే కంపెనీ 1946లో నలుగురు కలిసి పెట్టుకున్న మెషిన్ షాపు. ఒక ఊరి పార్కుకి రంగులరాట్నం చేసిచ్చారు. దాన్నుంచి డిస్నీల్యాండ్ పని వచ్చింది. 1959లో అక్కడ మాటర్‌హార్న్ కోస్టర్‌కి చెక్క మీద పరిచిన ఇనుప పట్టీ కాకుండా గుండ్రటి ఉక్కు గొట్టాల పట్టా వాడారు. గొట్టాన్ని ఎటు కావాలంటే అటు వంచొచ్చు కదా, దాంతో మొత్తం మారిపోయింది. 1975లో వాళ్లే కార్క్‌స్క్రూ అనే మెలికల కోస్టర్ చేశారు. నెదర్లాండ్స్‌లో వెకోమా అని 1926లో పెట్టిన కంపెనీ ఉంది. మొదట వ్యవసాయ పనిముట్లు చేసేది. తర్వాత బొగ్గు గనులకి ఇనుప కట్టడాలు. గనులు మూతపడ్డాయి. అప్పుడు గొట్టాల పని పట్టుకుంది. గొట్టం వంచడం, వెల్డింగు చేయడం వచ్చినవాడికి కోస్టర్ పట్టా ఎంతసేపు? 1970ల్లో ఈ లైనులోకి వచ్చి ఇప్పుడు ప్రపంచంలో పెద్ద కంపెనీల్లో ఒకటి. స్విట్జర్లాండ్‌లో వాల్టర్ బోలిగర్, క్లాడ్ మాబిలార్డ్ అని ఇద్దరు ఇంజనీర్లు ఒకే కంపెనీలో పనిచేసి, బయటికి వచ్చి 1988లో సొంతంగా పెట్టుకున్నారు. 1992లో సీట్లు పట్టా కింద వేలాడే కోస్టర్ చేశారు. కాళ్ల కింద నేల ఉండదు, తల మీద పట్టా ఉంటుంది.

ఆ ఇద్దరి కంపెనీ పని మనకి దగ్గరికే వచ్చింది. ముంబై, పూణే మధ్యలో ఖోపోలి దగ్గర ఇమాజికా పార్కులో 2013లో నైట్రో అనే కోస్టర్ వాళ్లదే. చెన్నై ఓఎంఆర్ వైపు తిరుపోరూర్ దగ్గర 2025 డిసెంబర్‌లో వండర్‌లా పార్కు తెరిచారు. అందులో తంజోరా అనే వేలాడే కోస్టర్ కూడా వాళ్లు చేసిందే. తడలో లోకల్ ఎక్కితే చెన్నై, అక్కడి నుంచి బస్సు. స్విట్జర్లాండ్‌లో గీసిన గీత మనకి ఒక్క పూట ప్రయాణం దూరంలో నిలబడి ఉంది.

మనవాళ్లు చేయలేరా అంటే, చేస్తున్నారు. వండర్‌లా వాళ్లకే కొచ్చిలో సొంత తయారీ షెడ్డు ఉంది, చాలా రైడ్లు అక్కడే చేసుకుంటారు. 2000లో కొచ్చిలో మొదలై, బెంగళూరు, 2016లో హైదరాబాద్, ఇలా పెరిగింది. అంటే మన దక్షిణాదిలోనే రైడ్లు గీసే ఇంజనీర్లు, వెల్డర్లు ఉన్నారు. ఇది ఉద్యోగం. మన ప్లేస్‌మెంట్ చార్టుల్లో కనపడని ఉద్యోగం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా.

పెద్ద కంపెనీ రైడుకి ఒక ఇనుప పలక బిగించి ఉంటుంది. తయారుచేసిన కంపెనీ పేరు, సంవత్సరం, సీరియల్ నంబరు, ఎంతమందిని ఎక్కించొచ్చు అనేవి దాని మీద కొట్టి ఉంటాయి. దాంతోపాటు లావాటి పుస్తకం వస్తుంది. ఏ బోల్టు ఎంత బిగువు, ఏ బేరింగుకి ఎప్పుడు గ్రీజు, ఏ వెల్డింగుని ఎన్నాళ్లకి పరీక్షించాలి, అన్నీ అందులో ఉంటాయి. మన దేశంలో కూడా రైడ్ల భద్రత కోసం ఐఎస్ 15475 అని బీఐఎస్ ప్రమాణం ఉంది. చూసి చేసుకున్న రైడులో ఆకారం వస్తుంది, పేరు వస్తుంది. ఆ పలక రాదు, ఆ పుస్తకం రాదు. ఎందుకంటే కంటికి కనిపించేది కొలుచుకోవచ్చు, లెక్కని కొలుచుకోలేం. ఆ కడ్డీ ఎందుకు అంత లావుందో, ఆ ఉక్కు ఏ రకమో, పదేళ్లు తిరిగాక ఏమవుతుందో చూస్తే తెలియదు. ఇనుప తీగని అటూ ఇటూ వంచుతా ఉంటే తెగిపోతుంది కదా. ఒక్కసారి వంచితే తెగదు, వందసార్లు వంచితే తెగుతుంది. రైడు కడ్డీ కూడా అంతే. ప్రతి రౌండుకి ఒకసారి వంగుతుంది. మాకు దీన్ని ఫెటీగ్ అని చెప్పారు. 2019 జూలైలో అహ్మదాబాద్ కాంకరియాలో లోలకం లాంటి రైడు నడుస్తా ఉండగానే విరిగి కిందపడింది, ప్రాణాలు పోయాయి.

మరి ఆ పుస్తకం లేనిచోట రైడుని కాపాడేది ఎవరు? మా అన్న లాంటివాళ్లు.

అన్న చేసే పని ఒకటి చెప్తాను. వీల్ బిగించాక ప్రతి పెద్ద నట్టు మీదనుంచి పక్కన ఇనుము దాకా ఒక గీత గీస్తాడు, మా వదిన గోళ్ల రంగుతో. పొద్దున్నే ఎక్కి చూస్తాడు. గీత తిన్నగా ఉంటే నట్టు కదల్లేదు. విరిగి రెండు ముక్కలు పక్కపక్కకి జరిగితే నట్టు వదులైంది. ఎవరు నేర్పారన్నా అంటే, "ఎవరు నేర్పుతారు, రేత్రి నిద్ర పట్టక కనిపెట్టినా" అన్నాడు. రెండో సంవత్సరంలో మాకు వర్క్‌షాపులో సార్ ఇదే చూపించాడు. విమానాల్లో, ఫ్యాక్టరీల్లో బోల్టులకి రంగు గీత పెడతారు, అది లెక్కప్రకారం ఉన్న పద్ధతి, దానికి ఇంగ్లీషు పేరు కూడా ఉంది. మా అన్న దగ్గర పద్ధతి ఉంది, పేరు లేదు. పేరు లేకపోతే జీతం లేదు, మాటకి విలువ లేదు.

విలువ లేదు అని ఎందుకంటున్నానంటే, రెండేళ్ల కింద ఒక ఊర్లో ఓనరు కొత్త రైడు తెచ్చాడు. ఊరి పేరు, మనిషి పేరు వద్దు. మొదటిసారి తిప్పి చూడాలి. మామూలుగా కంపెనీలు ఏం చేస్తాయంటే, సీట్లలో నీళ్లు నింపిన బొమ్మలో ఇసుక మూటలో పెట్టి ఎన్నోసార్లు తిప్పుతాయి. మనిషి ఎక్కేది చివర్న. అక్కడ మాత్రం "మీరు ఎనిమిది మంది ఎక్కండిరా, బరువు సరిపోతుంది" అన్నారంట. అన్న ఇసుక మూటలు పెడదాం అన్నాడు. మూటలు నింపే టైము లేదన్నారు. అన్న ఎక్కనన్నాడు, మిగతా పిల్లల్నీ ఎక్కొద్దన్నాడు. సాయంత్రానికి పనిలోంచి తీసేశారు, పది రోజుల కూలి ఎగ్గొట్టారు. ఇంటికి వచ్చినప్పుడు మా పెద్దమ్మ తిట్టింది, ఎక్కి ఒక రౌండు తిరిగితే ఏం పోయేదిరా అని. అన్న ఏం మాట్లాడలేదు.

ఏం పోయేదో చెప్తాను. 2016 మే నెలలో చెన్నై దగ్గర ఒక పార్కులో ట్రయల్ రన్ కోసం అక్కడ పనిచేసేవాళ్లనే రైడులో కూర్చోబెట్టారు. ప్రమాదం జరిగి ఒకతను చనిపోయాడు, ఇంకొందరికి దెబ్బలు తగిలాయి. ఆ వార్త నేను ఈమధ్య చదివా. చదివి అన్నకి ఫోన్ చేసి చెప్పా. కాసేపాగి, "అయితే నేను చెప్పింది కరెక్టేగా?" అన్నాడు. రెండేళ్లుగా ఆయనకి ఆ మాట ఎవరూ చెప్పలేదు. కరెక్టే అన్నా, నీ పద్ధతే పుస్తకంలో ఉండే పద్ధతి.

నాకు అప్పుడు అనిపించింది ఇది. మనవాళ్లు యంత్రం దగ్గరే ఉంటారు, ఎప్పుడూ ఉంటారు, కానీ కింద ఉంటారు. మా అవ్వ వాళ్లు శ్రీహరికోట దీవిలో పుట్టారు. రాకెట్ కేంద్రం కోసం దీవి ఖాళీ చేయించినప్పుడు ఇటు వచ్చారు. 1971 అక్టోబర్‌లో అక్కడ మొదటి చిన్న రాకెట్ ఎగిరింది. ఇప్పుడు పెద్దవి ఎగిరితే మా ఇంటి రేకులు అదురుతాయి. యారో కంపెనీలో కార్క్‌స్క్రూ డిజైన్ చేసిన రాన్ టూమర్ అనే ఇంజనీరు అంతకుముందు అపోలో అంతరిక్ష నౌక వేడి కవచం పనిలో ఉన్నవాడు. ఆయనకి కోస్టర్ ఎక్కితే కడుపులో తిప్పేదంట, తను చేసినవి తనే పెద్దగా ఎక్కేవాడు కాదు. అంటే రాకెట్ నుంచి రైడుకి దారి ఉంది, రెంటికీ లెక్క ఒకటే. మన ఒక పక్క రాకెట్ ఉంది. ఇంకో పక్క శ్రీసిటీ ఉంది. అక్కడ ఆల్‌స్టమ్ ఫ్యాక్టరీలో చేసిన మెట్రో రైళ్లు ఆస్ట్రేలియాలో సిడ్నీలో తిరుగుతున్నాయి. మధ్యలో మన కాలనీలు ఉన్నాయి. మనవాళ్లు ఈ గేట్లలోకి పోతున్నారు, తోట పనికి, ఊడ్చే పనికి, ప్యాకింగుకి. ఆ పనులు తక్కువ అని నేననడం లేదు, మా అమ్మ ఆ పనే చేసింది. డ్రాయింగు బల్ల దగ్గర మనవాళ్లు ఎందుకు లేరు అని మాత్రం అడుగుతున్నా.

మెకానికల్ వద్దు, ఉద్యోగాలు లేవు, కంప్యూటర్స్‌కి మారిపో అని నాకు చాలామంది చెప్పారు. నేను మారలేదు. మొండితనం అనుకోండి. కానీ మిల్లర్ 19 ఏళ్లకి పనికి పోయి, బండి ఎక్కడ జారుతుందో చూసి, ఇనుప నాలుక కనిపెట్టాడు. మా అన్న 17 ఏళ్లకి పనికి పోయి, నట్టు ఎక్కడ వదులవుతుందో చూసి, గోళ్ల రంగు గీత కనిపెట్టాడు. ఇద్దరికీ తేడా బుర్రలో లేదు. మిల్లర్ చెప్తే రాసుకునేవాళ్లు ఉన్నారు, మా అన్న చెప్తే పనిలోంచి తీసేవాళ్లు ఉన్నారు. ఆ రాసుకునే మనిషి మన ఇంట్లోంచే రావాలి. చదువుకునే మనం దానికి పనికొస్తాం.

ఎగ్జిబిషన్ పనికి, పార్కు పనికి పోయే తమ్ముళ్లకి మూడు మాటలు. పనిలో చేరేముందు ఇవి అడగండి.

ఒకటి, రైడు మీద పేరు పలక ఉందా, దాని పుస్తకం ఎవరి దగ్గర ఉంది? లేదు అంటే ఎవరు చేశారో, ఏ ఇంజనీరు చూసి సర్టిఫికెట్ ఇచ్చాడో అడగండి.

రెండు, రోజూ చెక్ చేసింది రాసే లాగ్‌బుక్కు ఉందా? లేకపోతే రెండు రూపాయల నోటుబుక్కులో మీరే రాయండి. తేదీ, ఏ నట్టు, ఏ పిన్ను, ఏం కనిపించింది. రేపు ఏదన్నా జరిగితే నేరం మీ మీదకి తోస్తారు. అప్పుడు ఆ పుస్తకమే మాట్లాడుతుంది.

మూడు, ట్రయల్ రన్‌లో సీట్లలో ఎవరు కూర్చుంటారు? మనుషులు అంటే ఎక్కొద్దు. ఇసుక మూట పెట్టమనండి. కూలి పోతే మళ్లీ వస్తుంది.

అన్నని ఈ సంక్రాంతి సీజనుకి వేరే బ్యాచ్ వాళ్లు పిలిచారు. పోవాలా వద్దా అని ఆలోచిస్తున్నాడు. ఇంట్లో అప్పు ఉంది, పోతాడనే అనుకుంటున్నా. పోయేలోపల మేం ఇద్దరం కూర్చుని ఒక పని చేస్తున్నాం. ఆయన చెప్తాడు, నేను బొమ్మ గీసి తెలుగులో రాస్తా. జెయింట్ వీల్ పొద్దున చెకింగ్, ఒక్క పేజీ. ఏ చోట చూడాలి, ఏం చూడాలి, ఎప్పుడు ఆపేయాలి. చదువు రానివాళ్లకి కూడా బొమ్మ చూస్తే అర్థమయ్యేలా. వెల్డింగు పగుళ్లు ఎలా పట్టాలో కూడా పెడుతున్నాం. ఎర్ర రంగు ద్రవం పూసి, తుడిచి, తెల్ల పొడి కొడితే పగులులో దాక్కున్న ఎరుపు బయటికి వస్తుంది. ఆ డబ్బాలు బజారులో దొరుకుతాయి. పేజీ మీద కింద తయారుచేసినవాళ్ల పేరు దగ్గర అన్న పేరు ముందు ఉంటుంది, నాది తర్వాత.

గ్రూపులో రైడ్ల దగ్గర పనిచేసినవాళ్లు, చేస్తున్నవాళ్లు ఉంటే మీరు ఏం చూస్తారో, ఏం భయపడతారో కింద రాయండి, దాంట్లో కలుపుతాం. మిగతావాళ్లు ఈసారి మీ ఊరి జాతరకి పోయినప్పుడు రైడు ఎక్కేముందు ఒక్క నిమిషం కింద నిలబడి చూడండి. పేరు పలక ఉందా, నట్ల మీద గీత ఉందా. ఉందో లేదో వచ్చి ఇక్కడ చెప్పండి.